పాతదైతే చాలదు, నాణెం మీద సంవత్సరం చూడాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ అనుబంధంలో పాత నాణేల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఇంట్లో మూలన పడి ఉన్న విదేశీ నాణెం మిమ్మల్ని లక్షాధికారిని చేయొచ్చని పెద్ద అక్షరాల్లో వేశారు. వ్యాసం మొత్తం మీద ఒక్క లోహం పేరు లేదు, ఒక్క బరువు లేదు. ఎంత పాతదైతే అంత ధర అన్న మాట మాత్రం పైనా కిందా ఉంది. ఫొటోలో పెట్టినవాటిలో ఒకటి స్విట్జర్లాండ్ వారి 1 ఫ్రాంకు. ఈటె, డాలు పట్టుకుని నిలబడిన స్త్రీ బొమ్మ వైపు వేశారు. సంవత్సరం ఉండేది రెండో వైపు. అసలు చూడాల్సింది ఆ రెండో వైపే.

ఈ ఉత్తరం రాయడానికి కారణం వ్యాసం ఒక్కటే కాదు. మా వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. నేను పిన్నీ అంటాను. వాళ్లాయన పోయాక ఆయన పెట్టెలో దొరికిన నాణేలు ఆవిడ దగ్గర ఉన్నాయి. మీ వ్యాసం చదివి, ఫోన్‌లో వెతికి, ఎవరికో ఫొటోలు పంపారు. ఫొటో బాగా రావాలని ముందు రోజు చింతపండు పెట్టి నాణేలన్నీ తళతళా తోమారు. అవతలివాడు ఒక్కో నాణేనికి వేలల్లో ధర చెప్పి, ముందుగా రిజిస్ట్రేషన్ ఫీజు కట్టమన్నాడు. కట్టారు. తరవాత పన్ను అన్నాడు. అదీ కట్టారు. ఆ తరవాత ఫోన్ ఎత్తడం మానేశాడు. "ఏమ్మా, మా ఆయన కాలం నాటివి కదా, ఊరికే పోతాయా?" అని నన్ను అడిగారు. ఆవిడ నాణేల్లో నిజంగా విలువ ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఎవరో ఫోన్‌లో చెప్పిన ధరకూ ఆ విలువకూ సంబంధం లేదు, అంతే. ఇలా పాత నాణేల పేరుతో ఫీజులు, పన్నులు వసూలు చేసేవాళ్లున్నారని, అందులో తమ పేరు కూడా వాడుకుంటున్నారని రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. మీ వ్యాసంలో దానికి ఒక్క వాక్యం చోటిచ్చి ఉంటే బాగుండేది.

నేను బెంగళూరు జాలహళ్లిలో హెచ్‌ఎంటీలో ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను. వెర్నియర్, మైక్రోమీటర్ లాంటి కొలత సాధనాలు పట్టుకునే జీతం తిన్న మనిషిని. మా మామగారిది కూడా అదే ఫ్యాక్టరీ, మెషీన్ టూల్స్ వైపు. మదనపల్లె నుంచి ఉద్యోగం కోసం వచ్చిన మొదటి తరం. 1953లో హెచ్‌ఎంటీ మొదలైంది స్విట్జర్లాండ్ ఓర్లికాన్ కంపెనీ సాంకేతిక సహకారంతో. అందుకే మాకు ఆ దేశపు నాణేలు కొత్త కాదు. మామగారి స్విస్ నాణేలు ఒక పొగాకు డబ్బాలో ఉండేవి. ఎనభైల్లో మా మరిది అక్కడ ఉద్యోగం చేసి వస్తూ తెచ్చినవి కూడా అందులోకే చేరాయి. జాలహళ్లి, మత్తికెరె, యశ్వంతపురం వైపు పాత ఉద్యోగుల ఇళ్లలో ఇలాంటి డబ్బాలు ఇంకా ఉంటాయని నా అనుమానం. ఈ ఉత్తరం ముఖ్యంగా వాళ్ల కోసం. ముందే ఒక మాట: నాణెం మీద స్విట్జర్లాండ్ అని ఎక్కడా ఉండదు. హెల్వెటియా అనో, కాన్‌ఫెడరేషియో హెల్వెటికా అనో లాటిన్‌లో ఉంటుంది. అది కనిపిస్తే అది స్విస్ నాణెమే.

ముందు వెండి సంగతి. స్విస్ అర ఫ్రాంకు, 1 ఫ్రాంకు, 2 ఫ్రాంకుల నాణేలు 1967 సంవత్సరం దాకా వెండివి. 1968 నుంచి రాగి 75 శాతం, నికెల్ 25 శాతం. బొమ్మ మారలేదు, అక్షరాలు మారలేదు, కొలత మారలేదు. 1 ఫ్రాంకు వ్యాసం, అంటే అడ్డుకొలత, అప్పుడూ ఇప్పుడూ 23.2 మిల్లీమీటర్లే, 2 ఫ్రాంకులది 27.4. వెర్నియర్ పెట్టినా తేడా పట్టుకోలేం. 1966 నాణెం, 1976 నాణెం పక్కపక్కన పెడితే చూపు సరిగా లేనివాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. కానీ త్రాసు ఊరుకోదు. వెండి 1 ఫ్రాంకు 5 గ్రాములు, నికెల్ కలిసినది 4.4 గ్రాములు. వెండి 2 ఫ్రాంకులు 10 గ్రాములు, రెండోది 8.8. అర ఫ్రాంకు 2.5 గ్రాములు, రెండోది 2.2.

ఈ అంకెలన్నీ ఒకే నిష్పత్తిలో ఉన్నాయని గమనించారా? ప్రతిదీ వెండి బరువులో 88 శాతం. ఇది కాకతాళీయం కాదు. ఆ వెండి మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు 10.2 గ్రాముల దగ్గర, రాగి నికెల్ మిశ్రమానిది 8.9 దగ్గర. నాణెం వ్యాసమూ మందమూ అలాగే ఉంచి లోహం మాత్రం మార్చారు కాబట్టి, బరువు సాంద్రత తగ్గిన మేరకే తగ్గింది. ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసినదాన్ని కదా, ఇలాంటి లెక్క సరిపోతే నాకు పండగలా ఉంటుంది. మీ పాఠకులకు అంత సరదా లేకపోవచ్చు గానీ, దీనివల్ల వాళ్లకు పనికొచ్చే విషయం ఒకటుంది. నాణెం మీద సంవత్సరం అరిగిపోయి చదవలేకపోయినా, నగల దుకాణంలోని త్రాసు మీద పెడితే అది వెండిదో కాదో తేలిపోతుంది. యాసిడ్ చుక్కలు వేసి పాడుచేయనక్కర్లేదు.

5 ఫ్రాంకుల దగ్గర మాత్రం చిన్న మెలిక ఉంది. ఆ నాణెం మీద ఉన్న మనిషిని అందరూ విలియమ్ టెల్ అనుకుంటారు. కాదు, అతను ఆల్ప్స్ కొండల్లో పశువులు కాసే కాపరి. పాల్ బుర్ఖార్ట్ గీసిన ఆ బొమ్మతో నాణేలు 1922 నుంచి వస్తున్నాయి. మొదట్లో అది 25 గ్రాముల పెద్ద నాణెం, 90 శాతం వెండి. అంటే ఒక్కోదాంట్లో ఇరవై రెండున్నర గ్రాముల శుద్ధ వెండి. 1931లో దాన్ని 15 గ్రాములకు కుదించి, వెండి 83.5 శాతానికి తగ్గించారు. 1968లో రాగి నికెల్‌తో 13.2 గ్రాముల నాణెం వచ్చింది. కానీ 1969 సంవత్సరం వేసిన 5 ఫ్రాంకులు మళ్లీ వెండివే. 1970 నుంచి ఇక వెండి లేదు. కాబట్టి 1968 తరవాతవన్నీ నికెల్ అని ఎవరైనా చెప్తే, 5 ఫ్రాంకుల విషయంలో నమ్మకండి. 1968 నాణెం 13.2 గ్రాములు తూగుతుంది, 1969ది 15. పిన్ని నాణేల్లో 1969ది ఒకటి ఉంది. దానికి ఆ ఫోన్‌వాడు చెప్పింది మిగిలినవాటిలో దేనికీ చెప్పనంత తక్కువ ధర!

ఇంకో ఇబ్బంది. నగరత్‌పేటలో ఒక సేట్‌కు వెండి 2 ఫ్రాంకులు చూపిస్తే గీటురాయి మీద గీసి, "కల్తీ వెండమ్మా, టచ్ తక్కువ" అన్నాడు. టచ్, అంటే శుద్ధ వెండి శాతం, తక్కువన్నది నిజం. కల్తీ అన్నది నిజం కాదు. ఆ నాణేనికి చట్టమే 83.5 టచ్ అని పెట్టింది, మిగిలిన 16.5 రాగి. శుద్ధ వెండి మెత్తన, చేతులు మారేకొద్దీ అరిగిపోతుంది. మన బ్రిటిష్ కాలపు రూపాయి కూడా 11.66 గ్రాముల్లో 91.7 శాతమే వెండి. 1940 నుంచి అదీ 50 శాతానికి పడిపోయింది, 1947లో వెండి పూర్తిగా పోయి నికెల్ రూపాయి వచ్చింది. జార్జి రాజు బొమ్మ ఉన్న రూపాయి అనగానే వెండి అనుకునేవాళ్లు మన దగ్గర కూడా తక్కువేమీ లేరు.

స్విస్ వాళ్లు 1968లో నాణేల్లోంచి వెండి తీసేశారు కదా, వాళ్లకు వెండితో ఇలా జరగడం అదే మొదటిసారి కాదు. 1850కి ముందు అక్కడ ఒక్కో క్యాంటన్‌ది, అంటే మన రాష్ట్రం లాంటిదానిది, ఒక్కో నాణెం. బాట్జెన్, క్రాయిట్జర్, షిల్లింగ్, ఏ ఊరు దాటితే ఏది చెల్లుతుందో తెలియని గందరగోళం. 1848 రాజ్యాంగం నాణేలు వేసే హక్కును కేంద్రానికి ఇచ్చింది, 1850 చట్టం ఫ్రాంకును తెచ్చింది. మొదటి నాణేలు పారిస్, స్ట్రాస్‌బర్గ్ టంకశాలల్లో కొట్టించారు. అందుకే వాటి మీద పారిస్ గుర్తు ఎ గానీ, స్ట్రాస్‌బర్గ్ గుర్తు రెండు బి లు గానీ ఉంటాయి. తరవాతి నాణేల మీద కనిపించే ఒంటరి బి, బెర్న్‌ది. ఆ తొలి ఫ్రాంకులు 90 శాతం వెండివి. బంగారంతో పోలిస్తే వెండి ధర పెరగడంతో జనం వాటిని కరిగించుకోవడానికి పక్క దేశాలకు తరలించారు. దాంతో 1860లో 1, 2 ఫ్రాంకుల వెండిని 80 శాతానికి దించారు. 1865లో ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీలతో కలిసి లాటిన్ ద్రవ్య సంఘంలో చేరాక అందరి చిన్న వెండి నాణేలకూ ఒకటే లెక్క, 83.5 శాతం. అది ఖాయమయ్యాక దాదాపు వందేళ్లు ఆడింది. 1967లో ప్రపంచమంతా వెండి ధర పెరిగినప్పుడు మళ్లీ అదే కథ. నాణెం మీద రాసిన ధర కంటే అందులోని లోహం ఖరీదైంది, జనం దాచేశారు, కరిగించేశారు, 1968లో నికెల్ వచ్చింది. 1971లో వెండి నాణేలు చెల్లవని ప్రకటించారు.

ఇప్పుడు ఆ వెండి ఫ్రాంకు తీసుకెళ్లి జ్యూరిక్‌లో కాఫీ తాగలేరు. కానీ అందులో 4.175 గ్రాముల శుద్ధ వెండి ఉంది. 2 ఫ్రాంకుల్లో 8.35, అర ఫ్రాంకులో సుమారు 2.09, 1931 నుంచి వచ్చిన వెండి 5 ఫ్రాంకుల్లో 12.525 గ్రాములు. ఆ రోజు వెండి రేటుతో గుణించుకుంటే అది కనీస విలువ. కొనేవాడు కరిగింపు ఖర్చు, లాభం తీసేస్తాడు, అది వ్యాపారం. ఆ కోత పోగా వచ్చే ధర కంటే తక్కువకు మాత్రం ఇవ్వకండి. దాని కంటే ఎక్కువ రావాలంటే ఏదో ఒక ప్రత్యేకత ఉండాలి. తక్కువ కొట్టిన సంవత్సరం కావాలి, 1928 నాటి పెద్ద 5 ఫ్రాంకుల్లాగా. లేదా చేతులు మారని కొత్త స్థితి కావాలి. యాభైల్లో, అరవైల్లో కొట్టిన మామూలు ఫ్రాంకులకు ఆ ప్రత్యేకత ఉండదు, అవి లక్షల్లో ఉన్నాయి.

మీ వ్యాసం చెప్పినట్టు పాతదనమే ధర అయితే, 1879 నాటి 10 రాపెన్ నాణెం నన్ను గొప్పదాన్ని చేయాలి. ఫ్రాంకులో నూరో వంతు రాపెన్. ఆ 10 రాపెన్ బొమ్మ 1879 నుంచి మారనే లేదు. కిరీటం పెట్టుకున్న స్త్రీ తల, చుట్టూ లాటిన్ అక్షరాలు. ఇంతకాలంగా అదే రూపంలో చలామణిలో ఉన్న నాణెం ప్రపంచంలో ఇంకోటి లేదని 2021లో గిన్నిస్ వారు రికార్డు ఇచ్చారు. 1879లో కొట్టినది కూడా ఇప్పటికీ చెల్లుతుంది. అంటే నూట నలభై ఏళ్లు దాటిన నాణెం బేకరీలో ఇస్తే 10 రాపెన్లకు తీసుకుంటారు. 1879 నాటి ఆ నాణెం రాగి నికెలే, వెండి కాదు.

దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ మా మరిది తెచ్చిన 5 ఫ్రాంకులు. సంవత్సరం 1989. కొత్తగా మెరుస్తోంది. 1985 నుంచి 1993 దాకా 5 ఫ్రాంకుల అంచు మీద అక్షరాలు ఉబ్బెత్తుగా కాకుండా లోపలికి చెక్కారు. ఆ అంచును నకలు చేయడం దొంగలకు సులువైంది. అందుకని 2004 జనవరి 1 నుంచి ఆ సంవత్సరాల నాణేలను చలామణి నుంచి తీసేశారు. చెల్లదు, వెండి లేదు. కానీ డొమినస్ ప్రొవిడెబిట్, అంటే దేవుడు చూసుకుంటాడు అని ఆ అంచు మీదే ఉంటుంది! మరిదికి ఈ సంగతి చెప్తే నవ్వి, "వదినా, ఇంకా ఎన్ని ఉన్నాయి అందులో?" అన్నాడు. 1979లో జూరా ప్రాంతం కొత్త క్యాంటన్ అయింది. అందుకని 1983 నుంచి చిన్న ఫ్రాంకుల మీద నక్షత్రాలు 22 నుంచి 23 అయ్యాయి. మరిది దాన్ని కూడా పెద్ద విలువ అనుకున్నాడు. లెక్కపెట్టడానికి సరదాగా ఉంటుంది, అంతే.

చిన్న నాణేల్లో అయస్కాంతం పట్టుకుని తిరిగేవాళ్లకు ఒక హెచ్చరిక. అయస్కాంతానికి అంటుకుంటే నకిలీ అని యూట్యూబ్‌లో చూసి కొందరు పారేస్తున్నారు. 1881 నుంచి 1938 దాకా కొట్టిన 20 రాపెన్ శుద్ధ నికెల్. నికెల్ అయస్కాంతానికి అంటుకుంటుంది. పులి బొమ్మ ఉన్న మన 1947 రూపాయి కూడా అంటుకుంటుంది. 1939 నుంచి 20 రాపెన్ రాగి నికెల్ అయింది, అది అంటుకోదు. ఇక 1 రాపెన్, 2 రాపెన్ మామూలుగా కంచువి, ఎర్రగా ఉంటాయి. యుద్ధంలో రాగి దొరక్క 1942 నుంచి 1946 దాకా తుత్తునాగంతో, అంటే జింకుతో కొట్టారు. అవి బూడిద రంగులో ఉంటాయి, చూసినవాళ్లు అల్యూమినియం అనుకుంటారు. నకిలీ కాదు, చవక కూడా కాదు, మామూలు నాణెమే. కంచు 2 రాపెన్‌ను 1978లో, 1 రాపెన్‌ను 2007లో తీసేశారు.

బంగారం గురించి రాయకుండా ఉండలేను. ఎందుకంటే మన ఆడవాళ్ల మెడల్లో ఇది నిజంగానే కనిపిస్తుంది. స్విస్ 20 ఫ్రాంకుల బంగారు నాణెం, వ్రెనెలి అంటారు. జడ చుట్టుకున్న అమ్మాయి పక్కకి తిరిగి ఉంటుంది, వెనక కొండలు ఉంటాయి. ఫ్రిట్జ్ లాండ్రి చేసిన బొమ్మ. 1897 నుంచి కొట్టారు, చివరివి 1949వి. బరువు 6.45 గ్రాములు, 90 శాతం బంగారం, అంటే 5.8 గ్రాముల శుద్ధ బంగారం. మన దుకాణంలో 916 హాల్‌మార్క్‌కు అలవాటు పడ్డ కళ్లకు 900 కాస్త తక్కువగా కనిపిస్తుంది. నకిలీ అనేసి ధర కోసేస్తారు. నకిలీలూ ఉన్నాయి, అందుకే బరువు, వ్యాసం 21 మిల్లీమీటర్లు, అంచు మీద గుర్తులు చూడాలి. 1935 దాకా అంచు మీద నక్షత్రాలు, 1947, 1949 వాటి మీద లాటిన్ అక్షరాలు.

ఇక్కడ కూడా సంవత్సరం మోసం చేస్తుంది. 1935 అని ఉండి, దాని పక్కన ఎల్ అక్షరం ఉంటే అది 1935లో కొట్టింది కాదు. 1945 నుంచి 1947 మధ్య పాత తేదీతోనే మళ్లీ కొట్టారు. కోట్లలో ఉన్న నాణెం కాబట్టి మామూలు సంవత్సరాలకు బంగారం ధర మీద కొద్దిపాటి అదనం తప్ప రాదు. 1926 మాత్రం వేరు, అది 50 వేలే కొట్టారు. ఇదే బొమ్మతో 1925లో 100 ఫ్రాంకుల నాణెం 5 వేలే వేశారు. అది దొరికితే మాత్రం ఎవరితోనూ ఫోన్‌లో మాట్లాడకండి! ఇక మీ వ్రెనెలికి కొక్కెం అతికించి లాకెట్ చేయించి ఉంటే, సంవత్సరం ఏదైనా సేకరించేవాళ్లు ముట్టుకోరు. బంగారం ధర ఒక్కటే మిగులుతుంది.

నోట్ల విషయం త్వరగా చెప్పేస్తాను. మామగారి డబ్బాలో 10 ఫ్రాంకుల నోటు ఉంది, దాని మీద గాట్‌ఫ్రీడ్ కెల్లర్ అనే రచయిత. అది 1956 నుంచి వచ్చిన వరుస. దాన్ని 1980లో ఉపసంహరించారు. అప్పట్లో మార్చుకోవడానికి ఇరవై ఏళ్ల గడువు ఉండేది, 2000 మే 1 నుంచి బ్యాంకు దృష్టిలో అది కాగితం. మరిది తెచ్చిన 10 ఫ్రాంకుల మీద గణిత శాస్త్రవేత్త ఆయిలర్. దాన్ని 2000లో ఉపసంహరించారు. అదే లెక్కన 2020 ఏప్రిల్‌తో అదీ పోవాలి. కానీ 2020 జనవరి 1 నుంచి అక్కడ చట్టం మార్చి, ఆ వరుస నుంచి గడువే ఎత్తేశారు. నాలుగు నెలల్లో చచ్చిపోవాల్సిన నోటు బతికిపోయింది. ఇప్పటికీ బెర్న్, జ్యూరిక్‌లలో స్విస్ నేషనల్ బ్యాంకు కౌంటర్లలో పూర్తి ధర ఇస్తారు. దాని తరవాత 1997లో వచ్చిన పసుపుపచ్చ 10 ఫ్రాంకుల మీద లె కార్బుజియే అనే వాస్తుశిల్పి. వెనక వైపు చూడండి, మన చండీగఢ్ కట్టడాలే. ఆ నోటును 2021లో ఉపసంహరించారు, మార్పిడి మాత్రం ఎప్పటికీ ఉంటుంది. మీ ఇంట్లో ఎవరైనా అక్కడ ఉంటే సెలవులకు వచ్చినప్పుడు ఇచ్చి పంపండి. కెల్లర్ నోటు మాత్రం పంపకండి, అది సేకరించేవాళ్లకే.

ఇక అమ్మే సంగతి. విదేశీ నాణేలు ఎన్ని ఉన్నా ఇంట్లో ఉంచుకోవడానికి మన విదేశీ మారక చట్టం అడ్డు చెప్పదు. నోట్లకే పరిమితి, 2 వేల డాలర్ల విలువ దాకా. బ్యాంకులు, మనీ చేంజర్లు మామూలుగా నాణేలు తీసుకోరు, అందుకని వాళ్ల దగ్గర తిరిగి ప్రయోజనం లేదు. వందేళ్లు దాటిన నాణెం అయితే మన 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశీ వేలం వాళ్లకు కొరియర్ చేద్దామనుకునేవాళ్లు ముందు ఈ సంగతి కనుక్కోండి. అవెన్యూ రోడ్డు వైపు నాణేల దుకాణాల్లో అడిగితే వాళ్లు మొత్తం లాటుకు ఒక ధర చెప్తారు. లాటుకు ఇవ్వకండి. వెండివి ఒక పక్క, నికెల్‌వి ఒక పక్క, బంగారం ఉంటే వేరుగా పెట్టి, ఒక్కోదాని సంవత్సరం కాగితం మీద రాసుకుని వెళ్లండి. కాగితం చూడగానే దుకాణదారు మాట తీరు మారుతుంది, నేను చూశాను. తోమకండి. చింతపండు, విభూతి, నిమ్మకాయ, ఏదీ వద్దు. నాణెం మీద కాలం వల్ల వచ్చిన నలుపును సేకరించేవాళ్లు ఇష్టపడతారు, తోమిన మెరుపును ఇష్టపడరు. పిన్ని తోమినవాటిలో చాలా వెండి ఫ్రాంకులు ఇక కరిగించే లెక్కకే పోతాయి. అయినా వెండి వెండే, పోయిందేమీ లేదని ఆవిడకు చెప్పాను. ఫీజుగా కట్టిన డబ్బు గురించి మాత్రం సైబర్ క్రైమ్ నంబర్ 1930కి ఫోన్ చేయించాను.

సంపాదకులకు నా విన్నపం ఇది. మళ్లీ ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు లక్షాధికారి అన్న మాట పక్కన లోహం, బరువు వేయండి. స్విస్ నాణేల వరకు అంత చోటు లేకపోతే, అర, 1, 2 ఫ్రాంకులు 1967 దాకా, 5 ఫ్రాంకులు 1967 దాకా, మళ్లీ 1969లో వెండి, మిగిలినవి కావు అని ఒక వాక్యం వేస్తే చాలు. ఫొటో వేస్తే సంవత్సరం ఉన్న వైపు వేయండి. అమ్మకానికి ముందు డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దని కూడా అక్కడే ఒక మాట చేర్చండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
జాలహళ్లి, బెంగళూరు